స్త్రీలకు నిద్రపట్టకుండుట – గృహస్థు లెఱుగవలసిన సంగతులు

ఎద్దు రెండు పూటలు మేత ముట్టనియెడల రైతు ఊరకుండడు. చెవులు తాకి చూచును, నెమరు వేయుచున్నదో లేదో కనిపెట్టును, అప్పటికిని కుదుటపడనిచో పశువైద్యునికి కబురు పంపును. అదే యింటిలో ఇల్లాలు మూడు మాసములనుండి తనకు రాత్రులు నిద్రపట్టుట లేదని చెప్పినను, ఆలోచనలు మానుకొన్నచో అదియే పట్టునని చెప్పి ఆవలివైపునకు తిరిగి పండుకొనును. నిష్ఠురమాడుటకై మేమిది వ్రాయుట లేదు. నిద్ర రాకపోవుట ఒక వ్యాధి యనియు, పశువు జబ్బునకువలెనే దానికిని కారణము వెదకవచ్చుననియు, మాన్పుకొను మార్గము కలదనియు చాలమందికి తెలియదు. అందువలననే ఇట్లు జరుగుచున్నది.

విత్తనములు, ఎరువులు, వడ్డీ, వసూళ్లను గూర్చి వ్రాయు ఈ పుటలలో నిద్ర ప్రస్తావన యేల యని కొందఱు సభ్యులు అడుగవచ్చును. నాట్లు, కలుపు, కోత, పాడి, ఇంటి వంట – ఇవి యెవరి చేతులమీదుగ నడచుచున్నవో వారే ఆలోచించుకొందురు గాక. ఈ బాధ పురుషులకు లేదని మేమనము. అయినను అనేక దేశములలో జరిగిన పరిశోధనలను కలిపి 2006 లో లెక్క కట్టగా, నిద్రలేమి పురుషులలోకంటె స్త్రీలలో సుమారు 1.4 రెట్లు అధికమని తేలినది. వయస్సు మీఱినకొలది ఈ తేడాయు పెరుగుచున్నది. ఆడువారిది పిఱికి గుండె యని, ఊరక చింతింతురని చెప్పి దీనిని త్రోసివేయుట సులభమే గాని, అది నిజము గాదు. కారణములలో ననేకము శరీరమునందే కలవు. కొన్ని ఇంటి యేర్పాటులో కలవు.

ముందుగ ఒక భేదము గ్రహింపవలెను. నిద్రకు వేళ దొరకకపోవుట వేఱు; వేళ యుండియు నిద్ర రాకపోవుట వేఱు. వేకువ నాలుగు గంటలకు లేచి, వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, పేడకళ్లెత్తి, పాలు పితికి, పాల కేంద్రమునకు వేళ మించకుండ పంపి, పిల్లలకు డబ్బాలు కట్టి, పొలము పోయి వచ్చి, రాత్రి పది గంటలకు అంట్లు తోమి నడుము వాల్చు స్త్రీకి ఆఱు గంటలు కూడ దక్కవు. పెద్దవారికి రాత్రికి ఏడు గంటల నిద్రయైనను కావలెనని వైద్యుల మతము. ఇట్టి స్త్రీ పండుకొనగానే నిద్రపోవును. పగలు కూర్చున్నచోటనే కునుకు పట్టును. ఆమెకు మందుతో పని లేదు. గంటయో గంటన్నరయో కాలము కావలెను. కేంద్ర ప్రభుత్వమువారు 2024 లో జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, చేయు పురుషులు 88 నిమిషములును వానికి వెచ్చించుచున్నట్లు తేలినది. పొలముపని ఇందులో చేరలేదు. ఉదయపు పాలు ఎవరు పితుకవలెను, రాత్రి భోజనము ఒక గంట ముందు జరుపవచ్చునా, అంట్లు కొడుకు తోమరాదా యనునవి ఆయా యింటివారు తేల్చుకొనవలసిన విషయములు. కాలము ఇచ్చి చూడకుండ వైద్యునియొద్దకు తీసికొని పోయినచో వైద్యుడు మాత్రము ఏమి చేయగలడు?

రెండవది యసలైన నిద్రలేమి. పడక చేరి గంటలు గడచినను కన్ను మూతపడదు. లేదా పండుకొనగానే పట్టి, రెండు గంటలకు మెలకువ వచ్చి మఱల పట్టదు. తగిన కాలమును, పడకయు ఉండియు, వారమునకు మూడు రాత్రులైనను ఇట్లు జరుగుచు, మూడు మాసములు గడచి, పగటివేళ అలసట, చిరాకు, మఱపు కలుగుచున్నయెడల దానిని దీర్ఘకాల నిద్రలేమి యని వైద్యులు లెక్కించుచున్నారు. ఇంటిలో చావు కలిగినపుడో, పంట తుడిచిపెట్టుకొని పోయినపుడో పదిదినములు నిద్ర రాకపోవుట రోగము గాదు. అది మానవధర్మము. చాలమందికి అది దానంతట తగ్గును. కొందఱికేల తగ్గక నిలిచిపోవును?

అమెరికాలోని ఆర్థర్ స్పీల్మన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1987 లో దీనికి చెప్పిన సమాధానము మన రైతులకు సులభముగ బోధపడును. వరికి అగ్గితెగులు వచ్చు విధము చూడుడు. తట్టుకొనలేని వంగడము ఒకటి. చలిరాత్రులు, మంచు రెండవది. తెగులు సోకిన పిదప పైరు కోలుకొనునను ఆశతో రైతు చల్లు యూరియా మూడవది. ఆ యూరియాయే తెగులును మేపును. నిద్రలేమి విషయమునను ఇంతియే. కొందఱికి పుట్టుకతోనే తేలిక నిద్ర. ప్రసవమో, దుఃఖమో, జబ్బో వచ్చి ఆ నిద్రను చెదరగొట్టును. పిదప నిద్ర రావలెనని ఆమె చేయు పనులే – చీకటి పడకముందే పడక చేరుట, తెల్లవాఱిన పిదపను పొరలుచుండుట, మధ్యాహ్నము రెండు గంటలు పండుకొనుట, ఓపికకై సాయంకాలము రెండుమార్లు తేనీరు త్రాగుట, మాటిమాటికి గడియారము చూచుట – రోగమును నిలువబెట్టును. మొదటి కారణము తొలగిపోయి యేండ్లు గడచినను నిద్ర తిరిగిరాదు. తేనీటి మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. నిద్రకు ఆఱు గంటలు ముందుగ ఎక్కువ మోతాదున కెఫీను పుచ్చుకొన్నను, నిద్ర ఒక గంటకు పైగ తగ్గినట్లు 2013 లో ప్రకటింపబడిన పరిశోధనలో కనబడినది. నిద్రపట్టనివారు మధ్యాహ్న భోజనము తరువాత తేనీరు, కాఫీ మానుట మంచిది.

ఇక స్త్రీ శరీరమునకు సంబంధించిన కారణములు. వీనిలో మన గ్రామములందు మిక్కిలి తఱచుగ నుండి, మిక్కిలి తక్కువగ గుర్తింపబడునది కాళ్ల గుంజుడు. సాయంకాలమునుండి పిక్కలలో పురుగులు ప్రాకినట్లు, ఏదియో లాగినట్లు ఉండును, కదలించిననేగాని నిలువదు, లేచి నడచిన తగ్గును, పండుకొనగానే మఱల మొదలగును. పగలంతయు నాట్లు వేసిన అలసటయని అందఱును అనుకొందురు. అలసటయైనచో విశ్రాంతితో తగ్గవలెను. ఇది విశ్రాంతిలోనే హెచ్చును. దీనికి ముఖ్యకారణములలో నొకటి శరీరమున ఇనుము తఱుగుట. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున 57.6. అనగా సగముకంటె ఎక్కువ. గర్భిణులకు చివరి మాసములలో ఈ గుంజుడు మఱింత అధికమగును. హిమోగ్లోబిన్ సరిగ నున్నను ఇనుము నిల్వ తక్కువగ నుండవచ్చును; దానిని ఫెరిటిన్ అను రక్తపరీక్ష తెలుపును. ఈ బాధ గలవారికి ఆ సంఖ్య 75 లేక అంతకు తక్కువగ నున్నచో ఇనుము ఇచ్చి చూడవచ్చునని నిపుణుల యభిప్రాయము. ఇట్టివారికి నిద్రమాత్ర ఇచ్చుట, గట్టు తెగినచోటు పూడ్చక పొలమునకు నీరు పెట్టుచుండుట వంటిది. ఇనుప మాత్రలను భోజనము వెంటనే తేనీటితో మ్రింగినచో వంటబట్టవు, నిమ్మరసముతో మేలు.

రెండవ కారణము వ్రాయుటకు కొంత బాధగ నున్నది. ముట్టుడుగు కాలమున, అనగా సాధారణముగ 45కును 50కిని నడుమ, ఒంటినిండ వేడి ఆవిరులు వచ్చుట, చెమట పట్టి అర్ధరాత్రి మెలకువ వచ్చుట అనేక స్త్రీలకు కలుగును. అది ప్రకృతి. కాని మన యిరు రాష్ట్రములలో ఈ యవస్థ ముప్పది, ముప్పదియైదేండ్లకే వచ్చువారు కలరు. కారణము గర్భసంచి తీసివేయు శస్త్రచికిత్స. 2015–16 నాటి సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలలో ఈ చికిత్స జరిగినవారు దేశమునందు నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశమున 8.9, తెలంగాణమున 7.7. దేశమున కెల్ల ఈ విషయమున మనమే ముందుంటిమి. తెల్లబట్టయని, నడుము నొప్పియని, కానుపులు ముగిసినవి గనుక ఇక దానితో పనియేమి యని, అప్పు చేసియైనను తీయించినవారెందఱో. సంచితోబాటు అండాశయములను గూడ తీసినచో ఒక్కనాటితో ముట్టుడుగుట సంభవించును. వానిని ఉంచినను కొన్నియేండ్లు ముందుగనే వాని పని మందగించుట కలదు. పిదప ఆవిరులు, నిద్రలేమి, ఎముకల బలహీనత. అప్పటికి ఆపరేషను జరిగి రెండేండ్లు గడచియుండును గనుక, దానికిని దీనికిని సంబంధమున్నదని ఎవరికిని తోచదు. 45 ఏండ్లు నిండకమునుపే ఇట్లయిన స్త్రీలు, తమకు హార్మోను చికిత్స తగునో తగదో స్త్రీవైద్యురాలిని అడిగి తెలిసికొనవలెను. ఇంకను ఆపరేషను చేయించుకొననివారు, తొందరపడక మఱియొక వైద్యుని యభిప్రాయము గూడ పుచ్చుకొందురు గాక. కాగితములలో అండాశయములు తీసినారో లేదో వ్రాసియుండును. ఆ కాగితములను పట్టా పుస్తకమువలెనే భద్రపఱచుకొనవలెను.

బాలింతల సంగతి వేఱు. బిడ్డ లేపుటచేత నిద్ర చెడుట సహజము. బిడ్డ నిద్రించుచున్నను, మఱియొకరు ఎత్తుకొని పోయినను తల్లికి కన్ను మూతపడక, ఊరక యేడ్పు వచ్చుచు, బిడ్డపై మనస్సు పోకయున్నచో అది కాన్పు తరువాత వచ్చు మనోవ్యాధి కావచ్చును. గాలి సోకినదని తాయెత్తులు కట్టించి కాలము గడపుట అపాయకరము. వెంటనే వైద్యునకు చూపవలెను. థైరాయిడు గ్రంథి అతిగ పనిచేయుట వలనను నిద్ర చెడును. అది ఒక్క రక్తపరీక్షతో తేలును. గుఱక మగవారి సొత్తని మనము నవ్వుకొందుము గాని, ముట్టుడిగిన పిదప స్త్రీలలో గుఱకయు, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చుటయు పెరుగును. వారు గుఱక గూర్చి చెప్పరు; నిద్ర సరిగ లేదనియు, ఉదయము తల బరువనియు మాత్రము చెప్పుదురు. ప్రక్కన పండుకొనువారే గమనించి వైద్యునికి చెప్పవలసినది.

ఇట్టి కారణములున్న వానికి చికిత్స చేయించుచునే, నిలిచిపోయిన నిద్రలేమిని మాన్పుటకు ఒక పద్ధతి కలదు. అది మాత్ర కాదు. ఆంగ్లమున దానిని సి.బి.టి.-ఐ అందురు. పెద్దలకు వచ్చు దీర్ఘకాల నిద్రలేమికి మొట్టమొదట ఈయవలసినది ఇదియే యని అమెరికా వైద్యుల కళాశాల 2016 లో నిర్ణయించినది. ఐరోపా నిద్రావైద్యులును అట్లే చెప్పిరి. ఇందులో ముఖ్యమైన రెండు సూత్రములను మాత్రము ఇచట వివరింతుము.

మొదటిది పడక కాలమును కుదించుట. చెఱువులో నీరు తక్కువైనయేడు రైతు మూడెకరములకును పలుచగ పాఱించి మూడును ఎండబెట్టుకొనడు. ఎకరమునకు నిండుగ పెట్టి దానిని పండించును. నిద్రయు నంతే. ఒక ఇల్లాలు రాత్రి తొమ్మిదింటికి పండుకొని నాలుగున్నరకు లేచుననుకొందము. పడకలో ఏడున్నర గంటలు. నిద్ర ఐదు గంటలు. మిగిలిన రెండున్నర గంటలు పొరలుట. ఆమె ఇకమీదట పదకొండు గంటలకుగాని పడక చేరరాదు. నాలుగున్నరకు తప్పక లేవవలెను. పగటి నిద్ర కూడదు. అనగా పడకలో ఐదున్నర గంటలే. మొదటివారము కష్టముగ నుండును, పగలు మత్తుగ నుండును. పిదప ఆకలిగొన్నవానికి అన్నమువలె నిద్ర ముంచుకొనివచ్చును. పడకలోనున్న కాలములో నూటికి 85 పాళ్లకు పైగ నిద్రలో గడచుచున్నట్లు ఒక వారము కనబడినచో, పదునైదు నిమిషములు ముందుగ పండుకొనవచ్చును. ఇట్లు వారమునకు పావుగంట చొప్పున పెంచుకొనుచు తన శరీరమునకు చాలినంత నిద్రవద్ద నిలువవలెను. ఐదు గంటలకు తక్కువగ ఎవరును కుదింపరాదు. గర్భిణులు, మూర్ఛరోగము గలవారు, ఉన్మాదముతో గూడిన మనోవ్యాధి పూర్వము వచ్చినవారు వైద్యుని అడుగక ఇది చేయరాదు. ఆ మొదటి దినములలో గడ్డి కోయు యంత్రమువద్దకు, బండి నడుపుటకు పోకుండుట క్షేమము.

రెండవది పడకను నిద్రకే కేటాయించుట. దీనిని రిచర్డ్ బూట్జిన్ అను నతడు 1972 లో ప్రతిపాదించెను. నిద్ర ముంచుకొని వచ్చినపుడే పడక చేరవలెను. సుమారు ఇరువది నిమిషములు గడచినను పట్టనిచో – గడియారము చూడక, అంచనాగనే – లేచి వసారాలోనో అరుగుమీదనో సన్నని వెలుతురులో కూర్చుండి, కనుఱెప్పలు బరువెక్కినపుడే తిరిగి రావలెను. ఎన్నిసార్లు లేవవలసి వచ్చినను లేవవలెను. ఒకే గది యున్న యింటిలో మంచము దిగి పీటమీద కూర్చున్నను చాలును. ఆ వేళ సెల్‌ఫోను ముట్టరాదు. ఎట్లును మెలకువ వచ్చినది గదా యని పప్పు రుబ్బుటకు, బియ్యము ఏఱుటకు పూనుకొనువారు కలరు, అదియును వలదు. అర్ధరాత్రి పనివేళ యని శరీరము నేర్చుకొనును. లేచి కూర్చున్న స్త్రీని చూచి ఇంటివారు వెఱ్ఱియని అనకుండుట ఈ చికిత్సలో ముఖ్యాంగము. తలకు నూనె, అరికాళ్లకు మర్దన మొదలగునవి హాయి నిచ్చినచో చేసికొనవచ్చును. రోగము మాన్పునని మాత్రము చెప్పజాలము.

ఇక మాత్రలు. పట్టణపు మందుల దుకాణములో చీటీ లేకయే కొని తెచ్చి, ప్రక్కింటి ఆమె వేసికొనుచున్నది గదా యని తాను వేసికొనుట మన గ్రామములందు వ్యాపించినది. అల్ప్రాజొలామ్ మొదలగునవి హెచ్1 పట్టికలోని మందులు. వైద్యుని చీటీ లేక అమ్మరాదు. అమ్మిన లెక్కను దుకాణదారు పుస్తకమున వ్రాసి మూడేండ్లుంచవలెను. కొలది వారములలోనే శరీరము వానికి అలవాటుపడును, మోతాదు చాలకుండ వచ్చును. వృద్ధురాండ్రు రాత్రి లేచి తూలి పడి తుంటి విఱుగగొట్టుకొందురు. జోల్పిడెమ్ అను మఱియొక నిద్రమందు స్త్రీల శరీరమునుండి మెల్లగ దిగునని కనుగొని, అమెరికా ప్రభుత్వ ఔషధశాఖవారు 2013 లో స్త్రీల మోతాదును సగమునకు తగ్గించిరి. పురుషునకు వ్రాసిన మాత్రను స్త్రీ వేసికొనరాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఇప్పటికే మాసముల తరబడి వేసికొనుచున్నవారు ఒక్కసారిగ మానరాదు. వణకు, మతిచెదరుట, మూర్ఛలు గూడ రావచ్చును. వైద్యుని సలహాపై మెల్లమెల్లగ తగ్గింపవలెను. తెలంగాణమున కల్తీ కల్లులో ఈ జాతి మందులనే కలుపుచున్నట్లు పలుమార్లు బయటపడినది. నిద్రకై అట్టి కల్లు త్రాగువారిలో స్త్రీలును కలరు గనుక ఈ సంగతి వ్రాయుచున్నాము.

అప్పుల ప్రస్తావన లేక ఈ పత్రికలో ఏ వ్యాసమును ముగియదు. మా యనుభవములో అనేక గృహములందు అప్పుల మాట వచ్చునది దీపమార్పిన పిదపనే. పగలు మగవాడు ఇంట నుండడు. రాత్రి పడకచేరి వడ్డీవ్యాపారి మాటయో, సంఘపు వాయిదా మాటయో యెత్తి తాను నిద్రపోవును. ఆమె తెల్లవాఱువఱకు లెక్క పెట్టుచుండును. అప్పు దాచుట ఇంకను హాని. తెలియని అప్పు తెలిసిన అప్పుకంటె పెద్దదిగ తోచును. వారమునకొక సాయంకాలము, వెలుతురుండగనే, భార్యాభర్తలు కూర్చుండి సంఘపు పాసుపుస్తకము, డ్వాక్రా పుస్తకము, చేబదుళ్లు – అన్నియు ముందుంచుకొని, ఏ వాయిదా ఎప్పుడు, ఎచ్చటనుండి తేవలెను అని కాగితముపై వ్రాసికొనవలెను. రాత్రి ఆ యాలోచన వచ్చినచో అది కాగితమున నున్నదని విడిచిపెట్టవచ్చును. చింతలకు సాయంకాలమున ఒక వేళ నేర్పఱచుట పైన చెప్పిన చికిత్సలో నొక భాగమే. వాయిదా కట్టలేనివారు గడువు దాటకమునుపే సంఘ కార్యదర్శితో మాటలాడినచో చేయదగినది కొంత యుండును. దాటిన పిదప తక్కువ.

నిద్రలేమితోబాటు జీవితముమీద విసుగు, చచ్చిపోవలెనను మాట వినబడినచో దానిని మాటగ తీసివేయరాదు. ఆమె నొంటిగ విడువక, ఇంటిలోని పురుగుమందు డబ్బాలను తాళము వేసి, ఆ దినమే వైద్యుని కడకు తీసికొని పోవలెను. 2022 లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలి-మానస్ అను ఏర్పాటు క్రింద 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడుదురు, రుసుము లేదు.

తక్కినవారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవుటకు ముందు రెండు వారములపాటు ఒక కాగితమున వ్రాసి తీసికొని పోయినచో వైద్యునకు సగము పని తీఱును: ఎన్ని గంటలకు పండుకొన్నది, సుమారుగ ఎప్పుడు పట్టినది, ఎన్నిసార్లు లేచినది, ఎప్పుడు లేచినది, పగలు పండుకొన్నదా, తేనీరు ఎన్నిమార్లు, కాళ్లు గుంజినవా, ఆవిరులు వచ్చినవా, ముట్టు ఎప్పుడు. ఇవియన్నియు ఉదయము లేచిన పిదప తోచినంతవఱకు వ్రాయవలెను గాని రాత్రి గడియారము చూచుచు వ్రాయరాదు. వ్రాయుట రానివారు ఆశా కార్యకర్తచేతనో, ఇంటిలో చదువుకొన్న కోడలిచేతనో వ్రాయించుకొనవచ్చును.